చౌక బసకు కిర్గిజ్ ఇళ్లు చూపిన దారి

సంపాదకులకు నమస్కారం.

మన జిల్లాలో హోంస్టేలను ప్రోత్సహించాలన్న ప్రతిపాదన మీద మీ పత్రికలో వచ్చిన కథనాన్నీ, దానికి స్పందిస్తూ పాఠకులు రాసిన ఉత్తరాలనూ శ్రద్ధగా చదివాను. గుంటూరుకు వచ్చి ఒకరి ఇంట్లో దిగే పర్యాటకులు ఎవరున్నారని ఒకరు, ఏసీలూ లిఫ్టులూ లేని ఇంట్లో ఈ రోజుల్లో ఎవరుంటారని మరొకరు, ముక్కూ మొహం తెలియని వాళ్లను గడప దాటి లోపలికి ఎలా రానిస్తామని ఇంకొకరు అడిగారు. మూడూ న్యాయమైన సందేహాలే. నిరుడు జులైలో కిర్గిజ్‌స్తాన్‌లోని కరకోల్ అనే చిన్న పట్టణంలో, ఒక కుటుంబం తమ ఇంట్లోనే నడుపుకుంటున్న అతిథి గృహంలో మేం దిగినప్పుడు, ఈ మూడింటికీ ఆచరణలో జవాబులు కనిపించాయి. తక్కువ ఖర్చు బస నిలబడాలంటే భవనం కన్నా ముందు రాసిపెట్టిన ధర, అదే ఇంట్లో కాపురముండే యజమాని, ఊళ్లో ఇలాంటి ఇళ్లవాళ్ల మధ్య ఒక కట్టుబాటు కావాలని నా అభిప్రాయం. ఎందుకలా అంటున్నానో వివరంగా చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. నిడివి కొంచెం ఎక్కువైనా ప్రచురించగలరని ఆశిస్తున్నాను.

కిర్గిజ్‌స్తాన్ పేరు మన ఊళ్లకు కొత్తదేమీ కాదు. వైద్యవిద్య కోసం బిష్కెక్, ఓష్ నగరాలకు మన పిల్లలు ఏటా వెళ్తూనే ఉన్నారు. మా మరిది కూతురు కూడా రాజధాని బిష్కెక్‌లో చదువుతోంది. 2024 మే నెలలో అక్కడ విదేశీ విద్యార్థుల హాస్టళ్ల మీద అల్లరి మూకలు దాడులు చేసినప్పుడు, గదుల్లోంచి బయటికి రావద్దని భారత రాయబార కార్యాలయం హెచ్చరించినప్పుడు, ఇక్కడ ఎన్ని ఇళ్లలో కంటి మీద కునుకు లేకుండా పోయిందో మీ పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఆ భయం మా ఇంట్లో పూర్తిగా పోలేదు. అందుకే పిల్లను చూసి రావడానికి బయల్దేరినప్పుడు, ఒక ట్రావెల్ ఏజెంటు చూపించిన పెద్ద హోటలూ, భారతీయ భోజనమూ, గైడూ కలిపిన ప్యాకేజీకే మావారు మొగ్గారు. అమ్మాయి ఒప్పుకోలేదు. సెలవుల్లో తను స్నేహితురాళ్లతో దిగిన ఇల్లు ఒకటుందనీ, హోటల్లో ఉంటే బిష్కెక్ ట్రాఫిక్ తప్ప ఇంకేమీ చూడబోమనీ పట్టుబట్టింది. ఆసుపత్రి వార్డుల్లో రోగులతో మాట్లాడటం కోసం నేర్చుకున్న రష్యన్ భాష ఉంది కాబట్టి దుభాషి ఖర్చు కూడా లేదంది. చివరికి ఆమె మాటే నెగ్గింది.

ముందుగా ఆ దేశంలో ఈ ఏర్పాటు ఎలా పుట్టిందో చెప్పాలి. 1991లో సోవియట్ యూనియన్ విడిపోయాక సామూహిక వ్యవసాయ క్షేత్రాలు మూతపడి, జీతాలు ఆగిపోయి, పల్లెల్లో చాలా కుటుంబాలు నాలుగు గొర్రెలూ ఒక పెరడూ మిగుల్చుకున్న స్థితికి వచ్చాయి. కొండలూ సరస్సులూ చూడటానికి విదేశీయులు వస్తున్నారు గానీ, వాళ్లకు ఆ పల్లెల్లో దిగడానికి చోటు లేదు. 2000 సంవత్సరంలో హెల్వెటాస్ అనే స్విట్జర్లాండ్ స్వచ్ఛంద సంస్థ సాయంతో కొచ్కోర్ వంటి ఊళ్లలో ఇళ్లవాళ్లే జట్లుగా ఏర్పడి, ఉన్న ఇంట్లోనే ఒకటి రెండు గదులు అతిథులకు కేటాయించడం మొదలుపెట్టారు. 2003లో ఆ జట్లన్నీ కలిసి దేశవ్యాప్త సంఘంగా మారాయి. దీన్ని అక్కడ సీబీటీ అంటారు, అంటే ఊరివాళ్లే నడుపుకునే పర్యాటకం. ఊరి నడిమధ్య చిన్న కార్యాలయం ఉంటుంది. వచ్చినవాళ్లు అక్కడికి వెళ్లి ఎంతమందిమి, ఎన్ని రోజులు, ఎంతలో కావాలి అని చెబితే ఒక ఇంటికి పంపిస్తారు. ఇంటివాళ్లు వచ్చిన సొమ్ములో కొంత వాటా సంఘానికి ఇస్తారు. నక్షత్రాల స్థానంలో ఎడెల్వైస్ అనే కొండపువ్వు గుర్తుతో ఇళ్లకు తరగతులు ఇస్తారు, ఒక పువ్వు నుంచి మూడు పువ్వుల దాకా. ఇంట్లో స్నానాల గది ఉందా, మరుగుదొడ్డి లోపలా బయటా అనేవాటిని బట్టి పువ్వుల లెక్క మారుతుంది. పాలరాతి నేల ఉందా అని ఎవరూ అడగరు. ఈ సంఘంతో సంబంధం లేకుండా సొంతంగా నడుపుకునే ఇళ్లు ఇప్పుడు వాటి కన్నా ఎక్కువే కనిపిస్తాయి. మేం దిగింది అలాంటి ఇల్లే. పద్ధతి మాత్రం అదే.

బిష్కెక్ నుంచి కరకోల్ దాదాపు 400 కిలోమీటర్లు. వాళ్లు మర్ష్‌రూత్కా అని పిలిచే చిన్న వ్యానులో, ఇసిక్‌కుల్ సరస్సు ఒడ్డున గంటల తరబడి సాగే ప్రయాణం. సముద్రమట్టానికి 1,600 మీటర్ల ఎత్తున ఉండి, 668 మీటర్ల లోతున్న ఆ సరస్సు నీళ్లలో కొంచెం ఉప్పు ఉండటం వల్ల ఎంత చలికాలంలోనైనా గడ్డకట్టదట. దారిలో ఆప్రికాట్లు బకెట్లతో పెట్టుకుని రోడ్డు పక్కన అమ్ముతుంటారు. కరకోల్ 1869లో రష్యన్ సైనిక స్థావరంగా మొదలైన ఊరు కాబట్టి పాత వీధుల్లో నీలం రంగు కిటికీ తలుపుల చెక్క ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. మా బస అలాంటి ఒక వీధిలోనే. బయట పెద్ద బోర్డేమీ లేదు, గేటు మీద చేత్తో రాసిన పేరొకటి ఉంది. లోపలికి వెళ్తే ఒక పక్క ఆపిల్ చెట్లు, బంగాళాదుంపల మళ్లు, తీగ మీద ఆరేసిన దుప్పట్లు, గొలుసుతో కట్టేసిన ఒక కుక్క. ఆ కుక్క మావారిని చివరి రోజు దాకా నమ్మలేదు.

గుమ్మంలో చెప్పులు విప్పించి, ఇంట్లో తొడుక్కునే జోళ్లు ఇచ్చారు. ఆ తర్వాత ఇంటావిడ మమ్మల్ని గదికి తీసుకెళ్లక ముందే హాల్లో గోడకు అంటించిన కాగితం దగ్గర నిలబెట్టింది. కిర్గిజ్, రష్యన్, ఇంగ్లిషు మూడు భాషల్లోనూ ధరలు రాసి ఉన్నాయి. పడకకు, అంటే మనిషికి ఇంత, పొద్దుటి ఫలహారం అందులోనే కలిసి ఉంటుంది, రాత్రి భోజనానికి వేరుగా ఇంత, మధ్యాహ్నంలోగా చెప్పాలి, బట్టలు ఉతికిస్తే ఇంత, ఆవిరి స్నానానికి ఇంత, చిన్నపిల్లలకు సగం. మాకు ఫలహారంతో కలిపి మనిషికి వెయ్యి సోమ్‌ల పైచిలుకు పడింది. సోమ్ విలువ ఇంచుమించు మన రూపాయంతే కాబట్టి లెక్క వేసుకోవడం తేలిక. గది అద్దెలా కాకుండా మనిషి లెక్కన తీసుకోవడంలో ఒక సౌకర్యం ఉంది. ఒంటరిగా వచ్చిన విద్యార్థికి ఖాళీ మంచం అద్దె మీద పడదు, పెద్ద కుటుంబం వస్తే ఇంటివాళ్లు నష్టపోరు. ఆ కాగితం చూశాక మేమున్నన్నాళ్లూ డబ్బు గురించి ఒక్క మాట కూడా అనుకోవలసిన అవసరం రాలేదు.

అదే సమయంలో మన దగ్గర సంగతి ఆలోచించండి. ఒక పుణ్యక్షేత్రంలో లాడ్జి గుమస్తా ముందు మన చెప్పుల వంక, సామాను వంక, కారు వంక చూసి, ఆ తర్వాత ధర చెప్పిన అనుభవం లేనివాళ్లు మీ పాఠకుల్లో తక్కువమందే ఉంటారు. పండగ రోజైతే ఆ ధర పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి.

గది సంగతి. రెండు ఇనుప మంచాలు, గోడకు రంగురంగుల ఉన్ని కంబళి, ఒక చెక్క బీరువా, బీరువా మీద ఇంటివాళ్ల సామాను. అది రష్యాకు వెళ్లిన వాళ్ల పెద్దబ్బాయి గది. అతని బడి పుస్తకాలూ, కుస్తీ పోటీల్లో వచ్చిన పతకాలూ అలాగే ఉన్నాయి. కిర్గిజ్‌స్తాన్ నుంచి లక్షలమంది రష్యాలో కూలీ పనులకూ, టాక్సీలు నడపడానికీ వెళ్తారు. వాళ్లు పంపే డబ్బు ఆ దేశపు ఆదాయంలో పెద్ద భాగం. అలా ఖాళీ అయిన గదులే చాలాచోట్ల అతిథుల గదులయ్యాయి. నేల మీద పరిచినది షిర్దాక్ అనే కంబళి, ఉన్నిని తడిపి, తొక్కి, అట్టలా చేసి, రెండు రంగుల ముక్కలను ఒకదాంట్లో ఒకటి పొదిగి కుడతారు. ఈ పనితనం అంతరించిపోకుండా అత్యవసరంగా కాపాడుకోవలసిన వాటి జాబితాలో యునెస్కో 2012లో దీన్ని చేర్చింది. ఇంటావిడ అత్తగారు కుట్టిన ఆ కంబళి మీద మేం రోజూ కాళ్లు పెట్టి నడిచాం. అదే ఏదైనా రిసార్టులో ఉంటే గాజు పెట్టెలో పెట్టి ఉండేవారు.

భోజనాల బల్ల గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే ఇలాంటి బసకూ హోటలుకూ ఉన్న తేడా అంతా అక్కడే తెలుస్తుంది. మనం కూర్చునే వేళకే బల్ల మీద రొట్టెలూ, బోర్సోక్ అనే నూనెలో వేయించిన చిన్న చిన్న పిండి ముక్కలూ, మీగడా, ఆప్రికాట్, రాస్ప్‌బెర్రీ జాములూ, ఎండుద్రాక్షా, చాక్లెట్లూ పరిచి ఉంటాయి. అసలు వంటకం వచ్చినా అవి తీయరు. జామును రొట్టెకు రాసుకోవడమే కాకుండా చెంచాతో తింటూ టీ తాగుతారు. టీ పోసేది ఇంట్లో ఒక్కరే, మేం దిగిన ఇంట్లో కోడలు. చిన్న కూజాలో చిక్కటి డికాక్షన్, పక్కన వేడినీళ్ల కెటిల్ పెట్టుకుని, పిడి లేని పింగాణీ గిన్నెలో ఇంత డికాక్షన్ పోసి, నీళ్లు కలిపి, కుడిచేత్తో అందిస్తూ ఎడమచెయ్యి గుండె మీద ఉంచుకుంటుంది. గిన్నె సగమే నింపుతుంది. నిండా పోస్తే తాగేసి ఇక బయల్దేరమన్నట్టట. సగం పోస్తే మళ్లీ మళ్లీ పోయించుకుని కూర్చోమని. మావారు ఇది తెలియక ముందు, టీ పొదుపుగా పోస్తున్నారని నా చెవిలో గొణిగారు. భోజనం ముగిశాక పెద్దాయన రెండు అరచేతులూ ముఖం మీదుగా కిందికి దించి లేస్తే గాని ఎవరూ లేవరు. రొట్టెను బోర్లించి పెట్టకూడదు, ముక్క కింద పడితే తీసి పక్కన పెడతారు. అన్నం మెతుకు తొక్కకూడదని పెరిగిన మనకు ఇది ఎవరూ నేర్పనక్కర్లేదు.

మావారు శాకాహారి. మాంసం లేనిదే భోజనం అనుకోని ఊళ్లో ఇది చిన్న ఇబ్బంది కాదు. లగ్మాన్ అనే సేమ్యా కూరకూ, పలావుకూ గొర్రె మాంసమో పశుమాంసమో ఆధారం. కూరగాయల పులుసు అన్నా అది ఎముకల రసంలోనే ఉడుకుతుంది. మొదటి సాయంత్రం అమ్మాయి ఈ సంగతి రష్యన్‌లో వివరంగా చెప్పింది. ఇంటావిడ కాసేపు ఆలోచించి, లోపలికి వెళ్లి ఎనామెల్ గిన్నె ఒకటి తెచ్చి, లోపలా బయటా తిప్పి మావారికి చూపించి, ఆయన ఎదురుగానే రెండుసార్లు కడిగి పొయ్యి మీద పెట్టింది. మేమున్నన్నాళ్లూ ఆయన వంట ఆ గిన్నెలోనే అయింది. బంగాళాదుంపలు, క్యాబేజీ, బీట్‌రూట్, పెరట్లోంచి అప్పుడే కోసిన సోంపాకు, గుడ్డు లేకుండా ఉడికించిన బక్‌వీట్ నూక. వంట గొప్పగా ఉందని చెప్పను. ఉప్పూ మిరియాలూ తప్ప మసాలా లేదు. కానీ ఆ గిన్నె కడిగి చూపించిన తీరుతో మావారి అనుమానం పోయింది. హోటల్లో మెనూ మీద ఆకుపచ్చ చుక్క చూసి తినే మనిషికి అంతకన్నా నమ్మకం ఏం కావాలి?

కారం లేదని మేం దిగులుపడుతుంటే, మూడో వీధిలో ఉండే దుంగన్ల బజారుకు పంపించారు. దుంగన్లు 19వ శతాబ్దం చివర్లో చైనా నుంచి పారిపోయి వచ్చిన ముస్లింలు. కరకోల్‌లో 1910లో పూర్తయిన వాళ్ల చెక్క మసీదు దూరం నుంచి చూస్తే చైనా గుడిలాగే ఉంటుంది. వాళ్లు చేసే అష్లాన్‌ఫు అనే చల్లటి పుల్లటి సేమ్యా పులుసు ఆ ఊరికి పేరు. దాంట్లో వేసుకునే లాజా అంటే ఎండుమిరపకాయల పొడీ వెల్లుల్లీ కలిపి, కాగిన నూనె పోసి చేసే పచ్చడి. గుంటూరు వాళ్లం కదా అని దర్జాగా రెండు చెంచాలు వేసుకున్న మావారికి కళ్లనీళ్లు తిరిగాయి. ఇంటావిడ మర్నాటి నుంచి ఒక చిన్న సీసాడు లాజా మా బల్ల మీద ఉంచింది. దానికి డబ్బు తీసుకోలేదు. ధరల కాగితంలో లేనిది ఆతిథ్యం కింద లెక్క, ఉన్నది వ్యాపారం కింద లెక్క. రెంటికీ మధ్య గీత స్పష్టంగా ఉండటం వల్లే అది మాకూ వాళ్లకూ ఇబ్బంది కాలేదు.

లోటుపాట్లు చెప్పకపోతే ఇది ప్రకటనలా ఉంటుంది. మరుగుదొడ్డి ఇంటికంతకూ ఒకటే, పొద్దున వరుసలో నిలబడవలసిందే. స్నానానికి పెరట్లో కట్టెలతో వేడిచేసే ఆవిరిగది ఉంది, కానీ అది వారంలో కొన్ని రోజులే వెలిగిస్తారు. నా మోకాళ్లతో ఆ ఎత్తు గడపలూ, నిచ్చెన లాంటి చెక్క మెట్లూ ఎక్కిదిగడం కష్టమైంది. వయసు మళ్లినవాళ్లు కింది గది అడిగి తీసుకోవడం మంచిది. ఇంట్లో ఎవరికీ ఇంగ్లిషు రాదు, అమ్మాయి పక్కన లేనప్పుడు ఫోనులో అనువాదం చూపించుకుంటూ నవ్వుకోవడమే. శనివారం రాత్రయితే ఆదివారం తెల్లవారుజామున జరిగే పశువుల సంతకు వచ్చేవాళ్లతో ఇల్లు నిండిపోయి, అర్ధరాత్రి దాటేదాకా గేటు చప్పుడు ఆగదు. గుర్రం పాలను పులియబెట్టి చేసే కుమిస్ వాసన నాకు చివరి దాకా పట్టలేదు.

అంతకన్నా ముఖ్యమైన విషయం ఇంకొకటి ఉంది. ఈ ఏర్పాటు మొత్తం ఆడవాళ్ల రెక్కల మీద నడుస్తోంది. కోడలు తెల్లవారకముందే లేచి, ఆవు పాలు పితికి, పిండి కలిపి, మేం లేచేసరికి రొట్టె కాల్చి సిద్ధంగా ఉంచేది. దుప్పట్లు ఉతకడం, గదులు తుడవడం, రాత్రి ఆఖరి అతిథి టీ తాగి లేచేదాకా కూజా పక్కన కూర్చోవడం ఆమె వంతే. అయితే వచ్చిన డబ్బు అత్తగారి చేతిలో, ఆ తర్వాత కోడలి చేతిలో ఉండటం, ఖాతా పుస్తకం ఆమే రాసుకోవడం కూడా చూశాను. ఆ వేసవి డబ్బుతోనే చలికాలానికి బొగ్గు, పిల్లల బడి ఖర్చు. అతిథులు ఎక్కువగా జూన్ నుంచి సెప్టెంబరు దాకా వస్తారు కాబట్టి ఆ నాలుగు నెలలే ఏడాదికి ఆధారం. మన దగ్గర హోంస్టేలు వస్తే ఆ రిజిస్ట్రేషనూ బ్యాంకు ఖాతా ఇల్లాలి పేరిట ఉండాలని నేను గట్టిగా కోరుతున్నాను. పని ఆమెది, ఖాతా ఆయనది అయితే రెండో ఏడాదికల్లా ఆ గదికి తాళం పడుతుంది.

తిరుగు దారిలో సోంగ్‌కుల్ సరస్సు దగ్గర గొర్రెల కాపరుల కుటుంబం వేసిన యుర్తాలో, అంటే ఉన్ని గుడారంలో, తలదాచుకున్నాం. 3,000 మీటర్ల పైన కాబట్టి జులైలో కూడా ఒంటి మీద మూడు బొంతలు కావలసి వచ్చాయి. చెట్టన్నది లేని చోటు కావడంతో పొయ్యిలోకి పిడకలే వాడతారు. నిద్రపోయే ముందు ఇంటాయన వచ్చి పొయ్యి నిండా పిడకలు పెట్టి వెళ్లేవాడు. అక్కడా ధరల కాగితం ఉంది, గుడారం స్తంభానికి గుచ్చి.

ఇక మన సంగతికి వస్తాను. గుంటూరుకు ఎవరొస్తారన్న ప్రశ్నకు విదేశీ పర్యాటకుల లెక్క చూడనవసరం లేదు. కార్పొరేట్ కాలేజీల హాస్టళ్లలో ఉన్న పిల్లలను చూడటానికి ప్రకాశం, నెల్లూరు, పల్నాడు జిల్లాల నుంచి వచ్చే తల్లిదండ్రులు, ఆస్పత్రుల్లో రోగుల వెంట వచ్చి రోజుల తరబడి ఉండవలసి వచ్చే బంధువులు, మిర్చి సరుకు అమ్ముడయ్యేదాకా ఆగవలసిన రైతులు, పోటీ పరీక్షలు రాయడానికి వచ్చే ఆడపిల్లలు, వీళ్లందరికీ శుభ్రమైన మంచమూ, ఇంటి భోజనమూ, తెలిసిన ధరా కావాలి. పర్యాటకుల మాటకొస్తే అమరావతి మహాచైత్యం, కొండవీటి కోట, ఉప్పలపాడు చెరువులో గూళ్లు కట్టే గూడబాతులు, ఉండవల్లి గుహలు అన్నీ గుంటూరు నుంచి పూట ప్రయాణమే. 2006 జనవరిలో అమరావతిలో కాలచక్ర ఉత్సవాలు జరిగినప్పుడు దలైలామాను దర్శించడానికి దేశదేశాల నుంచి బౌద్ధులు వచ్చారు. మా చుట్టాలొకరు తమ పెంకుటింటి ముందు గది ఒక టిబెటన్ కుటుంబానికి ఇచ్చారు. భాష రాని ఆ కుటుంబంతో వాళ్లకు ఏ ఇబ్బందీ రాలేదు. ఆ గదిలో ఇప్పుడు పాత సామాను ఉంది.

గదులు లేవా అంటే కావలసినన్ని ఉన్నాయి. బ్రాడీపేట, అరండల్‌పేట, లక్ష్మీపురం వీధుల్లో పిల్లలు అమెరికా వెళ్లిపోగా, మేడ మీద రెండు మూడు గదులు తాళాలు వేసుకుని, కింద ఇద్దరు ముసలివాళ్లు ఉంటున్న ఇళ్లు లెక్కలేనన్ని. మా వీధిలోనే చాలా ఉన్నాయి. కరకోల్‌లో రష్యాకు వెళ్లిన కొడుకు గది అద్దె తెస్తుంటే, ఇక్కడ అమెరికాకు వెళ్లిన కొడుకు గది దుమ్ము పడుతోంది. ఆ ముసలివాళ్లకు డబ్బు అవసరం లేకపోవచ్చు, ఇంట్లో రాత్రిపూట ఇంకో మనిషి అలికిడి మాత్రం అవసరమే.

తెలియనివాళ్లను ఎలా రానిస్తామన్నది అసలైన చిక్కు. కరకోల్‌లో మేం గేటు దాటగానే పాస్‌పోర్టులు తీసుకుని, పుస్తకంలో వివరాలు రాసుకుని ఇచ్చారు. సంఘంలో ఉన్న ఇళ్లయితే ఏ ఇంట్లో ఎవరు దిగారో ఊరి కార్యాలయానికి తెలుస్తుంది. అతిథి మీద ఫిర్యాదు వచ్చినా, ఇంటి మీద ఫిర్యాదు వచ్చినా వినేవాళ్లు ఒకరున్నారు. ఒంటరిగా ఒక ఇల్లు ఈ పని చేయాలంటే భయపడటం సహజం. వీధిలో ఐదారు ఇళ్లు కలిసి చేస్తే ఆ భయం చాలావరకు తగ్గుతుంది. ఆధార్ చూసి రిజిస్టరులో రాయడం, విదేశీయులైతే 24 గంటల్లోగా వాళ్ల వివరాలు ఆన్‌లైన్‌లో ప్రభుత్వానికి పంపడం కష్టమైన పనులేమీ కావు. మన స్వయం సహాయక సంఘాల అక్కచెల్లెళ్లు అంతకన్నా పెద్ద లెక్కలు రాస్తున్నారు.

కేంద్ర పర్యాటక శాఖ పథకం ప్రకారం 1 నుంచి 6 గదుల వరకు, 12 పడకలకు మించకుండా ఇవ్వవచ్చు. యజమాని అదే ఇంట్లో నివసించాలి. సిల్వర్, గోల్డ్ అని రెండు తరగతులున్నాయి. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో హోంస్టేలకు ముద్ర రుణాలిస్తామన్నారు. మన రాష్ట్రం 2024-29 పర్యాటక విధానంలో పర్యాటకానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. ఇవన్నీ మంచివే. నా ఆందోళన వేరే చోట ఉంది. యజమాని అక్కడే ఉండాలన్న నిబంధనను కాగితం మీద వదిలేస్తే, ఊరి బయట ఫామ్‌హౌసులు కట్టి, జీతానికి ఒక కుర్రాణ్ణి పెట్టి, దానికి హోంస్టే అని పేరు తగిలించేవాళ్లే ఈ రాయితీలు దక్కించుకుంటారు. అలాంటి చోట కుటుంబంతో దిగడానికి ఎవరైనా వెనకాడతారు, ఆ చెడ్డపేరు నిజంగా ఇంట్లో గది ఇచ్చేవాళ్లకూ అంటుకుంటుంది. కాబట్టి తనిఖీకి వచ్చే అధికారి ఏసీ ఉందా, బాత్‌రూములో టైల్సు ఏ రంగు అని చూసే ముందు, వంటింట్లో పొయ్యి వెలుగుతోందా, ఇంటివాళ్ల బట్టలు తీగ మీద ఉన్నాయా అని చూడాలి.

మొదట అమరావతి, ఉప్పలపాడు వంటి రెండు మూడు ఊళ్లలో, ఊరికి పది ఇళ్లకు మించకుండా ప్రయత్నించి చూడవచ్చు. ధరల పట్టిక తెలుగులోనూ ఇంగ్లిషులోనూ గుమ్మంలో అంటించడం, మనిషి లెక్కన ధర, భోజనం వేరుగా, ఊరికి ఒక సమన్వయకర్త, ఇంటిల్లిపాదికీ వీలుకాని రోజుల్లో గది ఇవ్వకుండా ఉండే హక్కు, ఇంతకు మించి మొదటి ఏడాది ఏ నియమమూ అక్కర్లేదు. బిష్కెక్‌లో పిల్లలున్న తల్లిదండ్రులకు మాత్రం ఒక మాట. వెళ్తే జూన్, సెప్టెంబరు మధ్య వెళ్లండి, పిల్లల్ని వెంటబెట్టుకుని ఇలాంటి ఇంట్లో ఒక్క రాత్రైనా ఉండండి. 2024 మే నాటి వార్తలు చూసి ఆ దేశ ప్రజల మీద ఏర్పడిన అభిప్రాయాన్ని అక్కడి ఒక భోజనాల బల్ల దగ్గర కూర్చుని సరిచూసుకోవచ్చు.

సంపాదకులకు ఒక విన్నపం. హోంస్టే రిజిస్ట్రేషన్ దరఖాస్తు ఎక్కడ ఇవ్వాలో, ఏ పత్రాలు జతచేయాలో, తనిఖీకి ఎవరొస్తారో చాలామందికి తెలియదు. ఆ దరఖాస్తు నమూనానూ, నింపే పద్ధతినీ తెలుగులో మీ జిల్లా అనుబంధంలో ప్రచురిస్తే, మా వీధిలో కనీసం నాలుగు ఇళ్లవాళ్లు నింపడానికి సిద్ధంగా ఉన్నారు. మా మేడ మీది గది కూడా అందులో ఒకటి.

ఇట్లు,
విశ్రాంత ఉపాధ్యాయిని,
బ్రాడీపేట, గుంటూరు